సెల్ఫ్ కొడితే టక్ టక్ అంటోందా? కొత్త బ్యాటరీ కొనేముందు ఇది చదవండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వ్యాన్‌లోనే మంచం, వంటగట్టు పెట్టించుకుని ఊళ్ళు తిరిగేవాళ్ళవి. క్యాంపర్ వ్యాన్ అంటారు కదా, మన వైపు కూడా ఇప్పుడు బాగానే కనపడుతున్నాయి. ఊళ్ళు వేరు, బళ్ళు వేరు, కానీ అందరి బాధా ఒకటే, పొద్దున్నే లేచి తాళం తిప్పితే ఇంజన్ లేవట్లేదు. అందుకని ఈసారి కాలమ్ మొత్తం స్టార్టింగ్ బ్యాటరీ మీదే పెట్టేశా, వేరే ప్రశ్నలు పంపినవాళ్ళు ఏమనుకోకండి, వచ్చే నెల రాస్తా.

ప్రశ్న: నమస్తే అండి. నేనూ మా ఆవిడా రిటైరయ్యాక పాత టెంపో ట్రావెలర్ ఒకటి కొని లోపల మంచం, చిన్న వంటగట్టు, 12 వోల్టుల ఫ్రిజ్, ఫ్యాన్, లైట్లు పెట్టించుకున్నాం. మొన్న అరకు దగ్గర కాఫీ తోటల పక్కన ఒక రాత్రి ఆగాం, పొద్దున సెల్ఫ్ కొడితే టక్ టక్ అని చప్పుడే తప్ప ఇంజన్ తిరగలేదు. జీపు ఆయన ఎవరో వైర్లు తగిలించి స్టార్ట్ చేయించాడు. విశాఖ దిగాక షాపులో చూపిస్తే బ్యాటరీ పోయింది మార్చేయండి అన్నారు. కొని 14 నెలలే అయింది. నాలుగు నెలల్లో ఇలా అవడం ఇది మూడోసారి. నిజంగా మార్చాలా? – ఒక రిటైర్డ్ టీచర్, కాకినాడ

జవాబు: మాస్టారూ, ఇప్పుడే మార్చకండి. అంటే ఆ బ్యాటరీ బాగుందని నేను అనట్లేదు, పోయి కూడా ఉండొచ్చు, కానీ అది ఎందుకు పోయిందో తేల్చకుండా కొత్తది పెడితే అదీ ఇంకో ఏడాదికి ఇదే దారి పడుతుంది, మళ్ళీ అన్ని వేలు పొయ్యాలి.

మీ ఉత్తరంలో రెండో బ్యాటరీ మాటే లేదు. అంటే ఫ్రిజ్జూ ఫ్యానూ లైట్లూ అన్నీ ఇంజన్ బ్యాటరీ మీదే ఇచ్చేశారన్నమాట. లోపల పని చేసిన వాళ్ళు చేతికి దగ్గర్లో ఏ వైరు దొరికితే దానికి కలిపేసి ఉంటారు. గొడవంతా అక్కడే ఉంది.

మీరు టీచరు కాబట్టి కొంచెం లెక్క చెప్తా. డీజిల్ ఇంజన్ తిప్పడానికి సెల్ఫ్ మోటరు 300 ఆంపియర్ల దాకా లాగుతుంది, వింటే భయమేస్తుంది, కానీ అది లాగేది మూడు సెకన్లు, అంటే మొత్తం కలిపి పావు ఆంపియర్ అవర్ (ఒక ఆంపియర్ చొప్పున గంటసేపు వాడితే ఒక ఆంపియర్ అవర్). మీ బ్యాటరీ 100 ఏహెచ్, అంటే 100 ఆంపియర్ అవర్లది అనుకుంటే ఒక స్టార్టుకి అందులో 400వ వంతుకి మించి ఖర్చు కాదు. ఇప్పుడు రాత్రి సంగతి చూడండి. ఫ్రిజ్ ఆగుతూ నడుస్తూ సగటున 2 ఆంపియర్లు వేసుకున్నా పది గంటలకి 20, ఫ్యాను ఒకటిన్నర రెండు ఆంపియర్లు అంటే తెల్లారేసరికి ఇంకో 15, లైట్లూ ఫోన్ల చార్జింగూ ఓ ఆరు ఏడు. మొత్తం 40 దాటిపోయింది. చిన్న చిన్నవే కదా అనుకుంటాం గానీ సెల్ఫ్ మోటరు వందసార్లు కొట్టినా తినని కరెంటు ఆ ఫ్రిజ్జూ ఫ్యానూ ఒక్క రాత్రిలో తినేశాయి.

పోనీ అయిపోయింది, మళ్ళీ చార్జ్ అవుద్ది కదా అంటారేమో. ఇక్కడే చాలామందికి తెలియని సంగతి ఉంది. స్టార్టింగ్ బ్యాటరీలో సీసం పలకలు పల్చగా, ఎక్కువ సంఖ్యలో ఉంటాయి, ఎందుకంటే దాని పనే ఒక్కసారిగా బోలెడు కరెంటు ఇచ్చేసి వెంటనే మళ్ళీ నిండిపోవడం. రాత్రంతా మెల్లగా పిండుకోవడానికి దాన్ని చెయ్యలేదు. సగానికి దించిన ప్రతిసారీ పలకల మీద సల్ఫేట్ పేరుకుంటుంది, వెంటనే ఫుల్ చార్జ్ పెడితే అది మళ్ళీ యాసిడ్‌లో కలిసిపోతుంది, పెట్టకుండా వారం పది రోజులు సగం కడుపుతో వదిలేస్తే గట్టిపడి గడ్డకట్టి ఇంక కరగదు. ఆ మేరకు పలక పనికిరానట్టే. మీరు అరకు నుంచి విశాఖ దాకా వచ్చారు, మూడున్నర నాలుగు గంటలు, ఈపాటికి నిండిపోయి ఉంటుందనుకుని ఉంటారు. నిండదండి. డైనమో మీద బ్యాటరీ మొదటి ముప్పాతిక భాగం త్వరగానే తీసుకుంటుంది, చివరి పావు భాగానికే గంటలు గంటలు పడుతుంది. అలా ప్రతి ట్రిప్పులో కొంచెం కొంచెం బాకీ పడుతూ వచ్చింది, అందుకే నాలుగు నెలల్లో మూడుసార్లు మొండికేసింది.

ఇప్పుడు ఆ పాత బ్యాటరీ బతికుందో లేదో ఎలా తేల్చాలంటే, ఏదైనా చార్జింగ్ పెట్టే షాపులో ఇచ్చి నిదానంగా, అంటే 100 ఏహెచ్‌కి 10 ఆంపియర్ల చొప్పున, పూర్తిగా నిండేదాకా పెట్టమనండి. త్వరగా కావాలని ఎక్కువ కరెంటు ఎక్కించనివ్వకండి. తీశాక ఒక రాత్రి దేనికీ కలపకుండా పక్కన పెట్టి పొద్దున మల్టీమీటర్‌తో చూడండి. 12.6 గానీ ఆ పైన గానీ ఉంటే సంతోషం. 12.4 అంటే ముప్పాతిక నిండిందని, 12.2 అంటే సగమే అని, 12 దగ్గర ఉందంటే అది నిలుపుకోలేకపోతోందని. మూతలు తీసే రకమైతే ఆరు సెల్స్‌లోనూ గ్రావిటీ, అంటే యాసిడ్ చిక్కదనం, చూపించండి, అన్నీ 1250 పైన ఒకే రకంగా ఉండాలి, ఒక్కటి మాత్రం 50 పాయింట్లు కిందుంటే ఆ సెల్ పోయింది, ఇంక ఎన్ని చార్జింగులు పెట్టినా వృథా. చివరగా బండికి పెట్టి సెల్ఫ్ కొట్టేటప్పుడు మీటర్ చూడండి, ఇంజన్ తిరుగుతున్నప్పుడు 9.6 కంటే కిందకి జారిపోతే మాత్రం షాపాయన మాట నిజమే, మార్చాలి.

మార్చినా మార్చకపోయినా చెయ్యాల్సిన పని మాత్రం ఒకటి ఉంది. ఇంట్లోకి, అంటే మీ వ్యాన్ ఇంటికి, వేరే బ్యాటరీ పెట్టండి. ఫ్రిజ్, ఫ్యాన్, లైట్లు, నీళ్ళ పంపు, ఫోన్ చార్జర్లు, ఒక్కటి కూడా వదలకుండా అన్నీ దాని మీదకి మార్చండి. ఇంజన్ బ్యాటరీకి బండితో వచ్చినవే ఉండాలి. రెండిటి మధ్యలో ఒక రిలే వస్తుంది, అంటే వోల్టేజ్‌ని బట్టి తనంతట తనే పనిచేసే స్విచ్, వీఎస్ఆర్ అంటారు, ఇంజన్ నడిచి వోల్టేజ్ 13.3 దాటగానే రెండు బ్యాటరీలనీ కలుపుతుంది, ఇంజన్ ఆగి 12.8కి దిగగానే విడగొట్టేస్తుంది. రాత్రి మీరు ఎంత వాడుకున్నా ఇంటి బ్యాటరీయే అయిపోతుంది, పొద్దున బండి మాత్రం లేస్తుంది. మీది పాత బండి కాబట్టి రిలే సరిపోతుంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 (కొత్త కాలుష్య నిబంధనల) బళ్ళు ఉన్నవాళ్ళు మాత్రం ఆగండి, వాటిలో కొన్నిటికి డైనమోని కంప్యూటరే నడిపిస్తుంది, బ్యాటరీ నిండిందనుకోగానే వోల్టేజ్ తగ్గించేస్తుంది, అప్పుడు రిలే మాటిమాటికీ విడిపోయి ఇంటి బ్యాటరీ సగం కూడా నిండదు. అలాంటి వాటికి డీసీ టు డీసీ చార్జర్ పెట్టుకోవాలి, డైనమో వోల్టేజ్ తగ్గినా ఇంటి బ్యాటరీకి కావలసిన వోల్టేజే ఇచ్చే పరికరం అది. ఇంకోటి, అలాంటి బళ్ళలో నెగటివ్ టెర్మినల్ మీద చిన్న సెన్సార్ డబ్బా ఉంటుంది, మీ ఇంటి బ్యాటరీ ఎర్త్ వైరుని దాని మీద బిగించకండి, ఛాసిస్‌కి బిగించండి, లేకపోతే కంప్యూటర్ లెక్క తప్పుతుంది.

ప్రశ్న: అన్నా, మొన్న మేడారం నుంచి వస్తుంటే టీ తాగడానికి ఆగాం, మళ్ళీ బండి లేవలేదు. ఒక లారీ ఆయన ఆపి నా బ్యాటరీ నుంచి పెట్టుకో తమ్ముడూ అన్నాడు. భయమేసి వద్దన్నా, తర్వాత కారు ఆయన ఒకరు సాయం చేశారు. లారీ నుంచి పెట్టుకుంటే ఏమయ్యేది? వైర్లు ఏ వరసలో తగిలించాలి? – వరంగల్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: చాలా మంచి పని చేశావు తమ్ముడూ. పెద్ద లారీలు, బస్సులు 24 వోల్టులవి, రెండు బ్యాటరీలు వరసగా కలిపి ఉంటాయి. ఆ 24ని తెచ్చి నీ 12 వోల్టుల బండికి తగిలిస్తే ఇంజన్ కంప్యూటరు కాలిపోవచ్చు, బ్యాటరీ పేలనూ వచ్చు. ఆ లారీ ఆయన మంచి మనసుతోనే అడిగాడు, ఆయన తప్పేం లేదు, కానీ ఈ విషయం తెలియక బండి పాడుచేసుకున్నవాళ్ళని నేను చూశా, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

వరస ఇదీ. రెండు బళ్ళూ ఒకదానికొకటి తగలకుండా నిలబెట్టి, రెండూ ఆపేసి, న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్ బ్రేక్ లాగు. ఎర్ర వైరు ముందు నీ చచ్చిన బ్యాటరీ ప్లస్‌కి, రెండో కొన సాయానికి వచ్చిన బండి ప్లస్‌కి. తర్వాత నల్ల వైరు ఆ బండి మైనస్‌కి, దాని రెండో కొన మాత్రం నీ బ్యాటరీ మీద పెట్టకు, బ్యాటరీకి దూరంగా ఇంజన్ మీద రంగు లేని ఇనుము ఎక్కడుందో చూసి అక్కడ పట్టించు. చివర తగిలించే చోట చిన్న నిప్పురవ్వ వస్తుంది, బ్యాటరీ నుంచి హైడ్రోజన్ గ్యాస్ వస్తుంటుంది, ఆ రెండూ కలవకూడదు, అందుకే. ఇప్పుడు ఆ బండి స్టార్ట్ చేయించి వెంటనే నువ్వు సెల్ఫ్ కొట్టకు, పది నిమిషాలు అలా నడవనివ్వు, ముఖ్యంగా అవతలిది చిన్న పెట్రోలు కారు అయితే అది నీ డీజిల్ వ్యాన్‌ని ఒక్కసారిగా తిప్పలేదు, ముందు నీ బ్యాటరీకి కాస్త ఊపిరి రావాలి. బండి లేచాక వైర్లు తీసేది సరిగ్గా తిరగేసి, ముందు ఇంజన్ మీది నల్లది, చివర నీ ప్లస్ మీది ఎర్రది. బజార్లో సన్నటి వైరుకి లావు ప్లాస్టిక్ తొడిగి జంపర్ కేబుల్ అని అమ్ముతుంటారు, సెల్ఫ్ కొట్టగానే వేడెక్కిపోతాయి, కొనేటప్పుడు లోపలి రాగి ఎంత లావుందో కొన దగ్గర చూసి కొను.

ప్రశ్న: ఏడాదిన్నరలో రెండు కొత్త బ్యాటరీలు పెట్టించా. మాకు ఇంటి బ్యాటరీ వేరే ఉంది, రిలే కూడా ఉంది. అయినా సెల్ఫ్ ఒక్కోసారి నీరసంగా తిరుగుతుంది, ఒక్కోసారి అసలు తిరగదు, పది నిమిషాలాగి కొడితే లేస్తుంది. ఏం చెయ్యాలో తెలియట్లేదు. – ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: మీ ఉత్తరం చదవగానే నాకు ఒక వ్యాన్ గుర్తొచ్చింది. విజయవాడ ఆటోనగర్‌లో మేము పని చేసే రోజుల్లో ఒకాయన ఇలాగే వచ్చాడు, మూడో బ్యాటరీ, ఇంకా స్టిక్కర్ కూడా చెరగలేదు. మీటర్ పెడితే 12.7, గ్రావిటీ బ్రహ్మాండం. హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టమన్నా, లైట్లు కొంచెం కూడా తగ్గలేదు, సెల్ఫ్ మాత్రం టక్కుమని ఊరుకుంది. ఇది గుర్తుపెట్టుకోండి, కొట్టినప్పుడు లైట్లు బాగా మసకబారిపోతే బ్యాటరీలో సత్తువ లేదని, లైట్లు అలాగే ఉండి సెల్ఫ్ తిరగకపోతే కరెంటు దారిలో ఎక్కడో ఆగిపోతోందని.

ఇంజన్ నుంచి ఛాసిస్‌కి అల్లిన రాగి పట్టీ ఒకటి వస్తుంది, ఎర్త్ స్ట్రాప్ అది. పైన నల్ల తొడుగు చక్కగా ఉంది, బోల్టు బిగువుగా ఉంది, చూస్తే ఏ దోషం లేదు. లగ్గు, అంటే బోల్టు పట్టే కొన, దగ్గర బొటనవేలితో నొక్కితే లోపల కరకరమంది. తొడుగు కోసి చూస్తే రాగి లేదు, ఆకుపచ్చ చిలుము పొడిలా అరచేతిలో రాలింది, మధ్యలో నాలుగైదు పోగులు మాత్రం మిగిలాయి. 300 ఆంపియర్లు ఆ నాలుగు పోగుల్లోంచి పోవాలి, అవి వేడెక్కితే అసలు పోదు, చల్లారాక మళ్ళీ కాస్త పోతుంది, పది నిమిషాలాగితే లేవడం అందుకే. ఆ పట్టీ ఖరీదు బ్యాటరీ ఖరీదులో ఓ మూలకి రాదు. ఆయన మూడు బ్యాటరీలు కొన్నాడండి, నాకు ఇప్పటికీ బాధేస్తుంది తలుచుకుంటే.

మీది సముద్రం గాలి తగిలే ఊరు, చిలుము ఇంకా త్వరగా పడుతుంది. ఇలా చూస్కోండి. మల్టీమీటర్ డీసీ వోల్ట్స్‌లో పెట్టి ఒక కొన బ్యాటరీ మైనస్ దిమ్మ మీద, రెండో కొన ఇంజన్ ఇనుము మీద పెట్టి పట్టుకుని ఎవరినైనా సెల్ఫ్ కొట్టమనండి. 0.2, 0.3 దాకా ఫరవాలేదు, అర వోల్టు దాటిందంటే ఎర్త్ దారి చెడింది. అలాగే ప్లస్ దిమ్మ మీదా సెల్ఫ్ మోటర్ లావు వైరు బోల్టు మీదా పెట్టి చూడండి, అక్కడా అదే లెక్క. రెండూ బాగుంటే అప్పుడు సెల్ఫ్ మోటర్ విప్పించండి, లోపల కార్బన్ బ్రష్‌లు అరిగి ఉండొచ్చు, సాలినాయిడ్ (సెల్ఫ్ మోటరుకి కరెంటు కలిపే స్విచ్) కాంటాక్టులు కాలి ఉండొచ్చు.

పనిలో పనిగా టెర్మినల్స్ కూడా శుభ్రం చేయండి. ముందు మైనస్ విప్పాలి, తర్వాతే ప్లస్, బిగించేటప్పుడు ప్లస్ ముందు. తెల్లగా పచ్చగా పేరుకున్నదాని మీద వేడినీళ్ళలో వంటసోడా కలిపి పాత టూత్ బ్రష్‌తో రాయండి, బుసబుస పొంగి ఊడిపోతుంది. బ్యాటరీ మూతల్లోకి ఆ నీళ్ళు దిగకుండా చూస్కోండి, సోడా లోపలికి పోతే యాసిడ్ పాడైపోతుంది. ఆరాక దిమ్మలు తళతళలాడేదాకా గరుకు కాగితంతో రుద్ది, బిగించేశాక పైన పెట్రోలియం జెల్లీ పూయండి. బిగించకముందు పూయకండి.

ప్రశ్న: గచ్చిబౌలిలో ఉంటా, మా వ్యాన్ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నెలా నెలన్నర అలాగే ఉండిపోతుంది, పని ఒత్తిడి. వెళ్ళి చూసేసరికి ప్రతిసారీ బ్యాటరీ డెడ్. లోపల అన్నీ ఆఫ్ చేసే వస్తున్నా. పాత టూరిస్టు బండి కొని మార్పించుకున్నది. – ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, హైదరాబాద్

జవాబు: అన్నీ ఆఫ్ చేసినా బండి పూర్తిగా నిద్రపోదమ్మా, గడియారం, లాక్, అలారం, కంప్యూటరు కొంచెం కొంచెం తాగుతూనే ఉంటాయి. 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే మామూలే అంటాం, కానీ ఆ మామూలు కూడా రోజుకి 1.2 ఆంపియర్ అవర్స్, 45 రోజులకి 54. అంటే బండిలో ఏ రోగమూ లేకపోయినా మీరు వదిలేసే కాలానికి 100 ఏహెచ్ బ్యాటరీలో సగం పోతుంది. దాని మీద ఇంకేదైనా దొంగ లోడు ఉందా, అదే 200 మిల్లీ అయితే 20 రోజులకే ఖాళీ.

మీరు టూరిస్టు బండి అన్నారు కాబట్టి నా అనుమానం ముందు జీపీఎస్ డబ్బా మీదకి పోతుంది. 2019 నుంచి రిజిస్టర్ అయిన, కిరాయికి ప్రయాణికులని ఎక్కించుకునే బళ్ళకి ట్రాకింగ్ పరికరం, ఎమర్జెన్సీ బటన్లు తప్పనిసరి చేశారు, అది బండి ఆగినా పని చేస్తూనే ఉంటుంది. ఇప్పుడు మీ బండి ఏ కేటగిరీలో ఉందో చూసుకుని, అక్కర్లేదని ఆర్టీఓ దగ్గర తేలితేనే తీయించండి. ఇంకా పాత ఓనరు పెట్టించిన ఆంప్లిఫయర్, డ్యాష్ కెమెరా, యూఎస్‌బీ సాకెట్ల మీద ఎర్రగా వెలిగే చిన్న లైట్లు కూడా చూడండి.

పట్టుకోవడం ఎలాగంటే, డీసీ కొలిచే క్లాంప్ మీటర్ ఉంటే మైనస్ వైరు చుట్టూ తగిలిస్తే చాలు, వైరు విప్పక్కర్లేదు, అదే మంచిది. మామూలు మల్టీమీటర్ అయితే 10 ఆంపియర్ల రంధ్రంలో వైరు మార్చి, మైనస్ విప్పి, దిమ్మకీ వైరుకీ మధ్యలో మీటర్ పెట్టాలి. ఆ స్థితిలో పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టకండి, మీటర్ పోతుంది. తలుపులు వేసి అరగంట ఆగండి, బండి కంప్యూటర్లు పడుకోవడానికి అంత టైం పడుతుంది, వెంటనే చూస్తే ఎక్కువ చూపించి కంగారు పెడుతుంది. ఆ తర్వాత ఒక్కో ఫ్యూజ్ పీకుతూ అంకె ఎక్కడ దిగిందో చూడండి, దొంగ ఆ ఫ్యూజ్ లైన్లోనే ఉన్నాడు.

దొంగ దొరికినా సరే, నెలన్నర వదిలేసే బండికి కటాఫ్ స్విచ్ ఒకటి పెట్టించుకోండి, లారీలకి ఉంటుంది చూడండి మైనస్ లైన్లో తాళం లాంటిది, అదే. ఇంజన్ ఆపి బండి తాళం తీశాక రెండు మూడు నిమిషాలాగి ఆ స్విచ్ తిప్పండి. సెల్లార్‌లో ప్లగ్ పాయింట్ అందితే ఇంకా మంచిది, చిన్న ఫ్లోట్ చార్జర్, అంటే బ్యాటరీ నిండాక కూడా కొద్దిగా ఇస్తూ నిండుగా ఉంచేది, పెట్టి వదిలెయ్యొచ్చు. సెల్లార్ కాబట్టి సోలార్ పనికిరాదు, ఆరుబయట పెట్టుకునేవాళ్ళకైతే కంట్రోలర్‌తో 20 వాట్ల ప్యానెల్ ఒక్కటి ఇంజన్ బ్యాటరీకి చాలు.

ప్రశ్న: మేము మిషిగన్‌లో ఉంటాం. రెండేళ్ళ కింద క్యాంపర్ వ్యాన్ తీసుకున్నాం, ఎండాకాలమంతా నేషనల్ పార్కులు తిరిగాం. చలికాలం ఇంటి ముందు ప్లగ్‌లో పెట్టే ఉంచా, అయినా మార్చిలో చూస్తే బ్యాటరీ పక్కలు ఉబ్బిపోయి ఉంది. ప్లగ్‌లో ఉన్నా ఎలా పోయింది? – ఒక పాఠకురాలు, అమెరికా

జవాబు: అమ్మా, ఈ పొరపాటు మీ ఒక్కరిదే కాదు, అక్కడ చాలామంది చేసేదే. క్యాంపర్ వ్యాన్‌ని ఇంటి కరెంటుకో క్యాంప్‌గ్రౌండ్ కరెంటుకో తగిలిస్తే చాలా బళ్ళలో అది ఇంటి బ్యాటరీని మాత్రమే చార్జ్ చేస్తుంది, ఇంజన్ బ్యాటరీకి ఆ లైనే ఉండదు. అది చలికాలమంతా ఒంటరిగా ఖాళీ అవుతూ పోయింది. నిండుగా ఉన్న బ్యాటరీలో యాసిడ్ చిక్కగా ఉంటుంది, మైనస్ 50 డిగ్రీలకి కూడా గడ్డకట్టదు. ఖాళీ అయ్యేకొద్దీ అది నీళ్ళలా పల్చబడుతుంది, మైనస్ 7, 8 డిగ్రీలకే గడ్డకట్టేస్తుంది. నీళ్ళు మంచైతే పెరుగుతాయి కదా, అందుకే ఉబ్బింది, లోపల పలకలు వంగిపోయి ఉంటాయి. దానికి దయచేసి జంపర్ కేబుల్ పెట్టకండి, చార్జర్ కూడా పెట్టకండి, పేలుతుంది. మార్చేయడమే.

కొత్తది పెట్టాక దానికి వేరే బ్యాటరీ మెయింటెయినర్ (పైన చెప్పిన ఫ్లోట్ చార్జర్ లాంటిదే) ఒకటి తగిలించండి, లేదా ఇంటి బ్యాటరీ నిండాక ఇంజన్ బ్యాటరీకి కొంచెం వదిలే చిన్న పరికరం దొరుకుతుంది, అది పెట్టించండి. మీ వ్యాన్ స్ప్రింటర్ గానీ ప్రోమాస్టర్ గానీ అయితే బ్యాటరీ బానెట్ కింద ఉండదు, డ్రైవర్ కాళ్ళ కింద నేలలో ఉంటుంది, ట్రాన్సిట్ అయితే డ్రైవర్ సీటు కింద. కళ్ళకి కనపడదు కాబట్టే దాన్ని అందరూ మర్చిపోతారు. బానెట్ కింద జంప్ కోసం వేరే ప్లస్ పాయింట్ ఇస్తారు, అది ఎక్కడుందో ఎండాకాలంలోనే చూసి పెట్టుకోండి, మంచులో టార్చిలైటు పట్టుకుని వెతుక్కోవడం కష్టం.

మన వైపు కూడా లంబసింగి వెళ్ళేవాళ్ళు అడుగుతుంటారు, అక్కడ డిసెంబరు, జనవరిలో సున్నా దగ్గరికి పోతుంది కదా గడ్డకడుతుందా అని. కట్టదు. కానీ సున్నా దగ్గర బ్యాటరీ బలం మూడో వంతు దాకా తగ్గుతుంది, ఇంజన్ ఆయిల్ చిక్కబడి తిప్పడం బరువవుతుంది, అందుకని కింద నర్సీపట్నంలో ఎలాగోలా లేచిన బలహీనపు బ్యాటరీ పైన తెల్లవారుజామున లేవదు. చంపేది మాత్రం మన ఎండే. ఏప్రిల్, మే వేడికి లోపల పలకలు అరిగిపోతాయి, నీళ్ళు ఆవిరైపోతాయి, ఆ దెబ్బ బయటపడేది చలికాలంలో. మూతలు తీసే రకమైతే ఎండాకాలంలో నెలకోసారి చూసి పలకలు మునిగేలా డిస్టిల్డ్ వాటర్ పొయ్యండి, యాసిడ్ కాదు, కుళాయి నీళ్ళు అసలే కాదు.

ప్రశ్న: ఇంట్లో ఇన్వర్టర్‌కి వాడే 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ ఖాళీగా ఉంది. దాన్నే వ్యాన్‌లో రెండో బ్యాటరీగా పెట్టెయ్యొచ్చా? లేక లిథియం కొనాలా? వచ్చే ఏడాది లద్దాఖ్ ప్లాన్ చేస్తున్నాం. – ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ట్యూబులర్ పలకలు లావు, రాత్రంతా వాడినా తట్టుకుంటుంది, ఆ విషయంలో మీ ఆలోచన సరైందే. కానీ అది కదలకుండా ఒకచోట కూర్చునే బ్యాటరీ. 50 కిలోల పైన బరువు, ఘాట్ రోడ్డులో ఊగితే యాసిడ్ ఒలుకుతుంది, చార్జ్ అవుతున్నప్పుడు వచ్చే గ్యాస్ మీరు పడుకునే గదిలోకే వస్తుంది. అదే మంచం కింద పెడతానంటే నేను వద్దనే అంటా. చేతిలో డబ్బు తక్కువుంటే సీల్డ్ ఏజీఎమ్ (యాసిడ్ ఒలకని మూసిన సీసం బ్యాటరీ) తీసుకోండి, ఉంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్.

లిథియం పెడితే మామూలు రిలే పెట్టించకండి. అది సగం ఖాళీ అయ్యాక కూడా 13 వోల్టుల పైనే చూపిస్తుంది, రిలే ఏమో 12.8కి గానీ విడిపోదు, కాబట్టి ఇంజన్ ఆపినా రెండూ కలిసే ఉండిపోతాయి. పైగా చార్జ్ అయ్యేటప్పుడు ఎంతిస్తే అంత లాగేస్తుంది, డైనమో వేడెక్కి కాలిపోతుంది, ముఖ్యంగా ట్రాఫిక్‌లో ఐడిల్‌లో ఉన్నప్పుడు. 30 ఆంపియర్ల డీసీ టు డీసీ చార్జర్ పెట్టండి, ఐదు గంటలు నడిపితే 150 ఏహెచ్ ఎక్కుతుంది, డైనమో మీద భారం పడదు. లద్దాఖ్ అన్నారు కాబట్టి ఇంకోటి, సున్నా డిగ్రీల కింద లిథియంని వాడుకోవచ్చు గానీ చార్జ్ చెయ్యకూడదు, లోపల శాశ్వతంగా దెబ్బతింటుంది. చలికి చార్జింగ్ తనంతట ఆపేసే బీఎమ్ఎస్ (బ్యాటరీని లోపలి నుంచి కాపాడే సర్క్యూట్) ఉన్నదే కొనండి, బండి కింద కాకుండా మీరు పడుకునే వెచ్చటి చోటే పెట్టండి, దీనికి గ్యాస్ భయం లేదు. ఇంజన్ బ్యాటరీ మాత్రం మామూలు సీసం బ్యాటరీయే ఉంచండి, బయల్దేరేముందు దానికి ఒకసారి లోడ్ టెస్ట్ (పెద్ద కరెంటు లాగి వోల్టేజ్ ఎంత నిలుస్తుందో చూడటం) చేయించండి, నాలుగేళ్ళు దాటిందైతే ఇక్కడే మార్చుకుని వెళ్ళండి.

వైరు కనీసం 16 స్క్వేర్ ఎమ్ఎమ్ రాగి వెయ్యమనండి, ఇంజన్ దగ్గర్నుంచి వెనకదాకా దూరం ఎక్కువైతే 25. ఆ వైరుకి రెండు కొసలా, ప్రతి బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరంలోపే ఒక్కో ఫ్యూజ్ ఉండాలి. ఒక్కటి సరిపోదా అంటారు, సరిపోదండి, రెండువైపులా బ్యాటరీలే ఉన్నాయి, వైరు మధ్యలో ఎక్కడ ఒరుసుకుని బాడీకి తగిలినా రెండువైపుల నుంచీ కరెంటు వస్తుంది, లోపల పిల్లలు నిద్రపోతుంటారు. పని అయ్యాక ఆ రెండు ఫ్యూజులూ ఎక్కడున్నాయో మీ చేత్తో తాకి చూసుకున్నాకే మిస్త్రీకి డబ్బులు ఇవ్వండి.